వియన్నా ఒక్కటే సోబీస్కీ కాదు

సెప్టెంబర్ 12 వస్తే చాలు, 1683లో అదే రోజు సాయంత్రం ఆస్ట్రియా రాజధాని వియన్నాని ఒట్టోమాన్ తుర్కుల ముట్టడి నుంచి కాపాడిన పోలండ్ రాజు యాన్ సోబీస్కీ బొమ్మ మళ్లీ సోషల్ మీడియాలో తిరుగుద్ది, వీపుకి రెక్కలు కట్టుకున్న గుర్రపు సైనికులు, కింద ఒక మతాన్ని తిడుతూ నాలుగు మాటలు, అంతే. 66 ఏళ్లు బతికిన మనిషిని ఒక్క సాయంత్రానికి కుదించేసి ఆ సాయంత్రాన్ని కూడా ద్వేషానికి వాడుకోవడం తప్పని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఆ సాయంత్రం చిన్నదని అనట్లేదు. 1683 జులై నుంచి రెండు నెలల పాటు ఒట్టోమాన్ వజీరు కారా ముస్తఫా సైన్యం వియన్నాని చుట్టేసింది, గోడల కిందకి సొరంగాలు తవ్వి మందు పెట్టి పేలుస్తున్నారు, లోపల తిండి లేక, విరేచనాలు పట్టుకుని జనం పోతున్నారు, చక్రవర్తి లియోపోల్డ్ అయితే ముందే ఊరొదిలి వెళ్లిపోయాడు. అప్పుడు 54 ఏళ్ల సోబీస్కీ, ఒళ్లు బాగా బరువెక్కిన మనిషి, పోలండ్ నుంచి సైన్యాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. పొద్దున్నుంచి కాల్బలం కొండ దిగుతూ కొట్లాడింది, సాయంత్రానికి కాలెన్‌బర్గ్ కొండల వైపు నుంచి 18 వేల దాకా గుర్రాలు ఒక్కసారే కిందకి వచ్చి పడ్డాయి, అందులో రెక్కల హుస్సార్లు 3 వేల దాకా. చీకటి పడేలోపే అయిపోయింది. ఆ రాత్రి వజీరు వదిలిపోయిన డేరాల్లో కూర్చునే సోబీస్కీ తన భార్య మరిషెంకాకి ఉత్తరం రాశాడు, దొరికిన సొమ్ము అంతా లెక్క చెప్పి, ఖాళీ చేతులతో వచ్చిన మొగుడితో తాతార్ ఆడవాళ్లు అన్నట్టు నువ్వేం వీరుడివి అని నన్ను అనలేవులే అంటాడు. యుద్ధం గెలిచిన రాత్రి కూడా ఆ తాతార్ల, అంటే క్రిమియా వైపు గుర్రాల మీద యుద్ధం చేసే ముస్లిం జాతివాళ్ల, మాటే గుర్తొచ్చింది చూడండి.

ఎందుకంటే వాళ్లు ఆయనకి పరాయివాళ్లు కాదు. తల్లివైపు ముత్తాత జోల్కెవ్‌స్కీ 1620లో ఒట్టోమాన్ల మీద యుద్ధంలో చనిపోయాడు, అన్న మారెక్‌ని 1652లో తాతార్లకి బందీగా ఉండగానే చంపేశారు. అంత దుఃఖం ఉన్న కుర్రాడు 1654లో దౌత్య బృందంతో ఇస్తాంబుల్ వెళ్లి ఆ మనుషుల్ని, వాళ్ల యుద్ధ పద్ధతిని దగ్గరగా చూశాడు. 1655లో స్వీడన్ దండెత్తినప్పుడు కొన్నాళ్లు స్వీడన్ వైపు చేరాడు, అది మచ్చే, దాచక్కర్లేదు, మరుసటి ఏడు తిరిగొచ్చి వార్సా దగ్గర సాయంగా వచ్చిన తాతార్ దళాన్ని నడిపాడు. వియన్నాకి వచ్చిన ఆయన సైన్యంలోనూ లిప్కా తాతార్లు, అంటే పోలండ్-లిథువేనియాలో స్థిరపడ్డ ముస్లింలు, ఉన్నారు, అటు సుల్తాన్ పక్షాన తిరుగుబాటు నాయకుడు తొకొలి వెనక హంగరీ క్రైస్తవులు ఉన్నారు, ఇక దీన్ని రెండు మతాల యుద్ధం అని ఎలా అంటాం?

మా లెక్కలో ఆయన అసలు సత్తా హోచిమ్ కోట దగ్గర కనపడింది. 1672లో ఒట్టోమాన్లతో చేసుకున్న బుచాచ్ ఒప్పందంతో పోలండ్ చేతిలోంచి పొదోల్యా ప్రాంతం పోయింది, సుల్తాన్‌కి కప్పం కట్టే గతి పట్టింది. మరుసటి ఏడు నవంబర్‌లో హోచిమ్ ముందు మంచులో సైన్యాన్ని రాత్రంతా నిలబెట్టాడు, తానూ వాళ్లతోనే ఉన్నాడు, ఆ చలికి అలవాటు లేని ఒట్టోమాన్ సైనికులు తెల్లారేసరికి నీరసించిపోయారు, అప్పుడు కొట్టాడు. దానికి ముందురోజే అప్పటి పోలండ్ రాజు మిహావ్ చనిపోయాడు, ఆ గెలుపే 1674లో సోబీస్కీని రాజుని చేసింది.

కానీ ఇంట్లో గెలవలేకపోయాడు. పోలండ్ సభలో ఒక్క సభ్యుడు ఒప్పుకోను అంటే సభ మొత్తం రద్దు, ఇక పన్ను ఎక్కడిది, సైన్యం ఎక్కడిది. 1686, 1691లో మోల్దావియా మీదకి వెళ్లి ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు, 1686లోనే రష్యాతో ఒప్పందంలో కీవ్ కూడా వదులుకోవాల్సొచ్చింది. పొదోల్యాతో పాటు పోయిన కామియెనెట్స్ కోట కోసం మిగిలిన జీవితమంతా కొట్లాడితే అది 1699లో తిరిగొచ్చింది, ఆయన 1696లోనే వార్సా దగ్గర విలనూవ్ భవనంలో కన్నుమూశాడు. 1772లో పోలండ్‌ని ముగ్గురు పొరుగు పాలకులు కొంత కొంత కోసుకున్నప్పుడు అందులో ఒకళ్లు వియన్నా పాలకులే, ఆయన పుట్టిన ఒలెస్కో కోట వాళ్ల వాటాలోకే పోయింది.