రిబ్బన్ కత్తిరించాక బొమ్మల దగ్గర ఎవరుంటున్నారు?

మా క్యాంపస్‌లో ఆర్ట్ ఎగ్జిబిషన్ అంటే ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత శాలువాలు, మొమెంటోలు, ఆ తర్వాత ముఖ్య అతిథి గారి ప్రసంగం, ఇంకా టైం మిగిలితే బొమ్మలు. అతిథి గారు రిబ్బన్ కత్తిరించి గోడల వెంట చకచకా ఒక రౌండ్ వేస్తారు, ఫోటోగ్రాఫర్ వెనక్కి నడుస్తూ తీస్తుంటాడు, ఆ ఫోటోలు జియోట్యాగ్‌తో సహా, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లకు చూపించే ఫైల్లోకి చేరతాయి. అటెండెన్స్ కోసం తోలుకొచ్చిన జూనియర్లు ఏసీ కింద ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు. వాళ్లను నేనేమీ అనను. అక్కడ వాళ్లతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఉండరు మరి.

నేను చదివేది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. బొమ్మల గురించి పెద్దగా తెలియదు, అయినా ఈ ఎగ్జిబిషన్లకూ లెక్చర్లకూ వెళ్తూనే ఉంటాను (ఏసీ కూడా ఒక కారణమే, దాచడం ఎందుకు). వెళ్లగా వెళ్లగా నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, చేసినవాళ్లు పక్కనుండి రెండు మాటలు చెబితే తప్ప మాలాంటి బయటివాళ్లకు బొమ్మ సగమే కనపడుతుంది. పెద్ద గ్యాలరీల్లో ఆ అవకాశం తక్కువ. క్యాంపస్‌లో అయితే గీసినవాళ్లు పక్క హాస్టల్లోనే ఉంటారు. ఆ ఒక్క సౌకర్యాన్నీ మనం వాడుకోవడం లేదన్నదే నా బాధ.

ఒకసారి ప్రింట్‌మేకింగ్ వాళ్ల డిస్‌ప్లేలో ఎచింగ్‌లు, అంటే లోహపు ప్లేటు మీద గీసి కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మలు, పెట్టారు. కింద చీటీ మీద "ఎచింగ్, 3/10" అని ఉంది. "పదికి మూడేనా, పాపం" అన్నాడు నా పక్కనున్నవాడు. వెనకనుంచి ఒకమ్మాయి నవ్వి, "మార్కులు కాదన్నా, ఒకే ప్లేటు మీద తీసిన పది ప్రింట్లలో ఇది మూడోది" అంది. తను చేసిందే అది. లోపలికెళ్లి జింకు ప్లేటు తెచ్చి చేతిలో పెట్టింది. ప్లేటుకు యాసిడ్ అంటని పూత పూసి, సూదితో గీస్తే, గీసినచోట పూత పోయి లోహం బయటపడుతుందట. నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే అక్కడ మాత్రమే తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, లోతున్నచోట ఇంకు ఎక్కువ పట్టి నలుపు చిక్కగా వస్తుంది. ప్లేటును ముందే బయటికి తీసి, లేతగా ఉండాల్సిన గీతలకు పూత కప్పేసి, మిగతావాటికోసం మళ్లీ ముంచుతారు. గీతల మీద పేరుకునే బుడగలను పక్షి ఈకతో మెల్లగా తుడుస్తూ ఉండాలి, లేదంటే గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. ఆ రియాక్షన్‌ను నిద్రలో లేపి అడిగినా బ్యాలెన్స్ చేస్తాను నేను, కానీ వాచీ చూసుకుంటూ దాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించి అందులోంచి ఒక ముసలామె ముఖం మీది ముడతలు తీయొచ్చని ఏ ల్యాబులోనూ ఎవరూ చెప్పలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, ఎచింగ్‌తో దేశమంతా పేరు తెచ్చుకుని, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన లక్ష్మా గౌడ్ పేరు కూడా ఆ అమ్మాయి నోటే మొదటిసారి విన్నాను. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. మాకెవరికీ తెలియదు!

ఇక లెక్చర్లు. ఎక్కువభాగం స్లైడ్ల వరద, నలభై బొమ్మలు నలభై నిమిషాల్లో, ప్రశ్నల వంతు వచ్చేసరికి "టీ రెడీగా ఉంది" అని అనౌన్స్‌మెంట్. మంచివి లేవని కాదు. చేర్యాల నకాశీ పటాల మీద, అంటే తెలంగాణలో గుడ్డ మీద కథలను బొమ్మలుగా గీసే పటాల మీద, ఒకాయన చేసిన ప్రసంగంలో స్లైడ్లు నాలుగో ఐదో, అంతే. చింతగింజల పేస్టు, సుద్దమట్టి కలిపి గుడ్డకు పట్టించడం, ఎర్రటి నేపథ్యం, ఇవన్నీ త్వరగా ముగించి, అసలు ఈ పటం ఎవరికోసం అన్న దగ్గర ఆగాడాయన. కథలు చెప్పే కూనపులివాళ్లు పద్మశాలీల ఊళ్లకు వెళ్లి పటం కట్టి, చూపిస్తూ, పాడుతూ వాళ్ల కులకథ చెప్పేవాళ్లు. అంటే ఆ బొమ్మ పుట్టిందే పక్కన కథ చెప్పే మనిషి ఉంటాడన్న లెక్కతో. దాన్ని ఇప్పుడు అద్దాల ఫ్రేములో బిగించి, ముందు నిశ్శబ్దంగా నిలబడమంటే కొత్తవాడికి ఏం అర్థమవుతుంది?

బొమ్మే మాట్లాడాలి, ఆర్టిస్టు వివరించకూడదు అనేవాళ్లున్నారు. నిజమే కావచ్చు, నాలుగేళ్లు బొమ్మలు చూసి కళ్లు పదునెక్కినవాళ్లకు. మిగతావాళ్లకు మొదట ఒక దారి కావాలి కదా. పైగా గోడకు అతికించే ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్లు కూడా వివరణే, కాకపోతే రాసినవాళ్లకే అర్థం కాని ఇంగ్లిష్‌లో. అదే విద్యార్థి తన యాసలో చెబితే పది నిమిషాలు కదలకుండా వింటాం.

దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. మా ల్యాబు ఐదింటికి అయిపోతుంది, గ్యాలరీకి తాళం పడేదీ ఐదింటికే. ఏడు దాకా తెరిచి ఉంచి, రోజుకు ఇద్దరు విద్యార్థులను తమ పనుల దగ్గర ఉండమంటే చాలు. మొహమాటపడతారంటారా, బయటి డిపార్ట్‌మెంట్ వాళ్లకు తన పని వివరించడాన్ని కూడా వైవా మార్కుల్లో కలపండి. శాలువాల ఖర్చు మిగిలితే ఆ ఇద్దరికీ టీ, సమోసా ఇప్పించవచ్చు.