డబ్ల్యూపీ పిన్‌ని గ్రౌండ్ చేసినంత మాత్రాన ఫ్లాష్ లాక్ కాదు

పవర్ పోయినా డేటా నిలుపుకునే సీరియల్ ఫ్లాష్ మెమరీ చిప్‌ల గురించి ఒక చిట్కా చాలాకాలంగా చేతులు మారుతోంది. సారాంశం ఇది: "ఎనిమిది కాళ్ల ఫ్లాష్‌లో మూడో పిన్ డబ్ల్యూపీ (రైట్ ప్రొటెక్ట్), నాలుగోది గ్రౌండ్. రెంటినీ సోల్డర్ చుక్కతో కలిపేయండి. ఇక చిప్ మొత్తం లాక్. ఎవరైనా చెరపబోతే చిప్ ఎర్రర్ ఇస్తుంది. చిప్ ఎరేజ్ కొట్టినా లాక్ చేసిన సెక్టార్లు మిగులుతాయి. లాకయ్యాక ఎవరూ ఏమీ చేయలేరు."

ఇందులో సరైనవి పిన్ నంబర్లే. మిగతాది విన్‌బాండ్ డబ్ల్యూ25క్యూ64 మీద పెట్టి చూద్దాం. అది 8 మెగాబైట్ల చిప్, ఒకేసారి చెరపగల చిన్న ముక్క, అంటే సెక్టార్, 4 కిలోబైట్లు. కింద చెప్పే కమాండ్ నంబర్లన్నీ హెక్స్‌లోనే.

"చిప్ మొత్తం లాక్"

డబ్ల్యూపీ పిన్ డేటా జోలికే పోదు. అది కాపలా కాసేది చిప్ సెట్టింగ్స్ ఉండే స్టేటస్ రిజిస్టర్‌ని, అదీ ఆ రిజిస్టర్‌లో ఎస్ఆర్‌పీ బిట్ 1 అయి ఉంటేనే. కొత్త చిప్‌లో ఎస్ఆర్‌పీ 0, ఏ సెక్టార్లు లాక్‌లో ఉండాలో చెప్పే బీపీ బిట్లూ 0. అలాంటి చిప్‌కి మూడో పిన్ గ్రౌండ్ చేసి 06 (రాయడానికి అనుమతి), ఆ వెంటనే 20 (సెక్టార్ చెరిపే కమాండ్)తో పాటు అడ్రస్ పంపి చూడండి. సెక్టార్ శుభ్రంగా చెరిగిపోతుంది.

లాక్ పడాలంటే ముందు బిట్లు రాయాలి. బూట్‌లోడర్ (పవర్ రాగానే మొదట నడిచే కోడ్) ఉండే మొదటి 128 కిలోబైట్లు కాపాడాలనుకుందాం. మొదటి స్టేటస్ రిజిస్టర్‌లో రాయాల్సిన బైట్ 10100100, అంటే ఏ4. ఎడమ నుంచి చదివితే ఎస్ఆర్‌పీ 1, సెక్ 0 (లెక్క బ్లాకుల్లో, సెక్టార్లలో కాదు), టీబీ 1 (కింది అడ్రస్‌ల వైపు నుంచి లెక్క), బీపీ2 0, బీపీ1 0, బీపీ0 1. చివరి రెండూ డబ్ల్యూఈఎల్ (రాసే అనుమతి ఉందా), బిజీ (పని నడుస్తోందా). అవి చిప్ సొంతం. రెండో రిజిస్టర్‌లోని సీఎంపీ బిట్ 0లోనే ఉండాలి. అది 1 అయితే లెక్క తిరగబడి, మొదటి 128 కిలోబైట్లు తప్ప మిగతాదంతా లాకవుతుంది.

వరుస ఇలా: 06 పంపి, కమాండ్ ముగిసిందని చెప్పడానికి చిప్ సెలెక్ట్ లైన్ ఎత్తాలి. తర్వాత 01 (స్టేటస్ రాసే కమాండ్), ఏ4 పంపి మళ్లీ ఎత్తాలి. 05తో స్టేటస్ చదువుతూ బిజీ 0 అయ్యేదాకా ఆగాలి, సాధారణంగా 10, గరిష్ఠంగా 15 మిల్లీసెకన్లు. 06 బదులు 50 పంపితే విలువ తాత్కాలికమే, పవర్ పోతే అదీ పోతుంది. పాత తరం చిప్‌లలో ఇంకో తిరకాసు ఉంది: 01 తర్వాత ఒక్క బైటే పంపితే రెండో రిజిస్టర్‌లోని క్యూఈ (క్వాడ్ మోడ్ బిట్), సీఎంపీ కూడా 0 అయిపోతాయి. అక్కడ రెండు బైట్లూ కలిపి పంపాలి.

ఇంతా అయ్యాక పిన్‌కి పని మొదలవుతుంది. పిన్ లో‌లో (గ్రౌండ్ స్థాయిలో) ఉన్నంతసేపు ఏ4ని ఎవరూ మార్చలేరు. అందుకే సోల్డర్ చుక్క వద్దు. 10 కిలోఓమ్ రెసిస్టర్‌తో గ్రౌండ్‌కి లాగి, పక్కన ఒక టెస్ట్ ప్యాడ్ వదలండి. రేపు బూట్‌లోడర్ మార్చాల్సి వస్తే ఆ ప్యాడ్‌ని 3.3 వోల్టులకి తగిలించి బిట్లు తీసేయొచ్చు.

క్యూఈ సంగతి చిట్కా పంచేవాళ్లలో ఎక్కువమందికి తట్టదు. క్వాడ్ మోడ్ (నాలుగు లైన్లలో ఒకేసారి డేటా) కోసం క్యూఈ 1 చేస్తే మూడో పిన్ డబ్ల్యూపీగా ఉండదు, ఐఓ2 డేటా లైన్ అవుతుంది. కాపలా పోయినట్టే. పైగా ఆ పిన్ నేరుగా గ్రౌండ్‌కి అంటుకుని ఉంటే, 6బీ కమాండ్‌తో చేసే క్వాడ్ రీడ్‌లో ప్రతి బైట్‌లోనూ 6వ, 2వ బిట్లు సున్నాగా వస్తాయి. ఖాళీ సెక్టార్ ఎఫ్ఎఫ్ బదులు బీబీ చూపిస్తుంది. డంప్ నిండా బీబీలు కనిపిస్తే ముందు ఆ సోల్డర్ చుక్కనే అనుమానించండి. డబ్ల్యూ25క్యూ64జేవీలో ఐక్యూ అని ముగిసే రకాలు ఫ్యాక్టరీ నుంచే క్యూఈ 1తో వస్తాయి. పిన్ కాపలా కావాలంటే ఐఎం రకం కొనాలి.

"చెరపబోతే ఎర్రర్ ఇస్తుంది"

ఇవ్వదు. లాకైన సెక్టార్‌కి ఎరేజ్ పంపితే ఈ చిప్ ఆ కమాండ్‌ని వినిపించుకోదు, అంతే. బిజీ 1 కాదు కాబట్టి డ్రైవర్ "పని అయిపోయింది" అనుకుని సక్సెస్ చెప్పేస్తుంది. తిరిగి చదివి పోల్చి చూడటం తప్ప తెలుసుకునే దారి లేదు. లాక్ చేసిన చోటే సెట్టింగ్స్ దాచుకునే ఫర్మ్‌వేర్ ప్రతిసారీ "సేవ్ అయింది" అంటుంది, రీస్టార్ట్ తర్వాత పాత విలువలే చూపిస్తుంది. తరచూ మారే డేటాని లాక్ హద్దుకి బయటే ఉంచండి. ప్రతి సేవ్‌కీ లాక్ తీసి వేసే పద్ధతి ఇంకా ప్రమాదం: స్టేటస్ రిజిస్టర్ రాస్తుండగా పవర్ పోతే అందులో ఏ విలువ మిగులుతుందో చెప్పలేం.

"చిప్ ఎరేజ్ కొట్టినా లాక్ సెక్టార్లు మిగులుతాయి"

మిగులుతాయి, కానీ వాటితో పాటు మిగతావన్నీ కూడా మిగులుతాయి. ఒక్క బ్లాక్ లాకై ఉన్నా సీ7 (చిప్ ఎరేజ్) కమాండ్ అసలు నడవదు. అప్‌డేట్ స్క్రిప్ట్ చిప్ ఎరేజ్‌తో మొదలైతే పాత డేటా మీదే కొత్తది రాస్తుంది. ప్రోగ్రామింగ్ 1ని 0 చేయగలదే గానీ 0ని 1 చేయలేదు కాబట్టి రెండూ కలిసిపోయిన చెత్త మిగులుతుంది. లాక్ ఉన్న చిప్‌కి 20తో సెక్టార్లవారీగానో, డీ8తో 64 కిలోబైట్ల బ్లాకులవారీగానో చెరిపే స్క్రిప్టే రాయాలి.

"ఎవరూ ఏమీ చేయలేరు"

బోర్డు చేతికి దొరికినవాడు పిన్‌ని పైకి లాగి లాక్ తీసేస్తాడు. చదవడానికైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, ఈ లాక్ రీడ్‌ని ఆపదు. నిజంగా మార్చలేనిది కావాలంటే మూడు 256 బైట్ల సెక్యూరిటీ రిజిస్టర్లు ఉన్నాయి. వాటి ఎల్‌బీ బిట్లు ఒకసారి 1 చేస్తే మళ్లీ 0 కావు. సీరియల్ నంబర్‌కి, క్యాలిబ్రేషన్ విలువలకి సరిపోతాయి, ఫర్మ్‌వేర్‌కి చాలవు.

ఇంకో మాట: ఇవే బిట్లు వేరే కంపెనీ చిప్‌లోనూ ఇలాగే ఉంటాయనుకోవద్దు. మాక్రోనిక్స్ ఎంఎక్స్25ఎల్ చిప్‌లు చాలావాటిలో టీబీ బిట్ ఒక్కసారే రాయగలం. ఎస్ఎస్‌టీ26వీఎఫ్064బీ అయితే పవర్ ఇవ్వగానే అన్ని బ్లాకులూ లాకై ఉంటాయి, 98 (లాక్ తీసే కమాండ్) పంపాకే రాయనిస్తుంది.

మీ బోర్డులో లాక్ పడిందో లేదో తేల్చుకోవాలంటే పవర్ తీసి మళ్లీ ఇచ్చి, పిన్ లో‌లో ఉంచి, 06, ఆపైన 01, 00 పంపండి. 05తో చదివితే ఏ4 రావాలి. కొన్నిసార్లు ఏ6 వస్తుంది. తిరస్కరించాక కూడా డబ్ల్యూఈఎల్ 1లోనే ఉండిపోయిందన్నమాట, కాబట్టి చివరి రెండు బిట్లు వదిలి పోల్చండి. తర్వాత హద్దుకి అటూ ఇటూ 01ఎఫ్000, 020000 అడ్రస్‌లలో తెలిసిన డేటా ఉంచి రెంటికీ 20 పంపండి, ప్రతిసారీ ముందు 06తో. మొదటిది చెక్కుచెదరకూడదు, రెండోది ఎఫ్ఎఫ్ కావాలి. రెండూ ఎఫ్ఎఫ్ అయితే లాక్ పడలేదు. రెండూ మిగిలితే బీపీ బిట్లు అనుకున్నదానికన్నా ఎక్కువ మేర మూసేశాయి.