స్టోన్ మౌంటెన్ కింద మనం

అట్లాంటాలో ఉండే మన తెలుగువాళ్ళం, చుట్టాలొస్తే ఊరి పక్కనున్న స్టోన్ మౌంటెన్ కొండ చూపించకుండా పంపం. పచ్చికలో దుప్పటి పరిచి, పులిహోర డబ్బా మూత తీసి, వెనకాల కొండ వచ్చేలా ఫొటోలు దిగుతాం. పోయిన వేసవిలో మా అమ్మ ఆ కొండమీద చెక్కిన, గుర్రాలెక్కిన ముగ్గురినీ చూసి, "ఎవర్రా వీళ్ళు, ఇక్కడి రాజులా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అందుకుంది: "కాదు నానమ్మా, బానిసల్ని వదులుకోలేక దేశం నుంచి విడిపోయి, యుద్ధంలో ఓడిపోయినవాళ్ళు."

విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, వాళ్ళ సేనానులు రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. ఉత్తరాది, దక్షిణాది మధ్య జరిగిన ఆ అంతర్యుద్ధం (సివిల్ వార్) 1865లో ముగిసింది. నల్లపిల్లల్ని వేరే బడుల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది. జార్జియా ప్రభుత్వం ఈ కొండను కొన్నది 1958లో. చెక్కడం పూర్తయింది 1972లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన నాలుగేళ్ళకి. ఓడినవాళ్ళకి నూరేళ్ళ తర్వాత అంత బొమ్మ ఎందుకు? సివిల్ వార్ చదువు ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలంటాను.

"అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం" అని ఆఫీసులో విన్నమాటే మనవాళ్ళూ చెబుతుంటారు. ఏ హక్కు? 1861 జనవరిలో జార్జియా విడిపోతూ రాసుకున్న ప్రకటన తీసి చూడండి. రెండో వాక్యంలోనే బానిసత్వం మాట ఉంది. అప్పటికి దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. యుద్ధంలో పోయిన ప్రాణాలు 6 లక్షల పైమాటే.

"మనం మొన్నొచ్చినవాళ్ళం, మనకెందుకు" అంటే మాత్రం నాకు బాధేస్తుంది. మా అమ్మాయి పుట్టేనాటికి మేం తాత్కాలిక వీసాల మీదే ఉన్నాం, నాది హెచ్‌1బి, మా ఆవిడది హెచ్‌4. గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) వరసలో మా వంతు ఇప్పటికీ రాలేదు. పాపకి మాత్రం జనన పత్రం చూపిస్తే పాస్‌పోర్టు వచ్చేసింది. నల్లవాళ్ళు ఈ దేశపౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు అన్నమాటను, ఉత్తరాది యుద్ధం గెలిచాక 1868లో రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ చెరిపేసింది. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇక్కడి పౌరులే అన్న మాట అందులోదే. అది ఆ నల్లవాళ్ళ నెత్తుటితో వచ్చింది, మన పిల్లలకూ అందింది. తాత్కాలిక వీసాల వాళ్ళ పిల్లలకు ఇకపై అది వర్తించదంటూ 2025 జనవరిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చిన రాత్రి మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ నిద్రపోలేదు, గుర్తుందా?

వచ్చే నెల మన పిక్నిక్ మళ్ళీ ఆ కొండ కిందే. జార్జియా ప్రకటన మొదటి పేరా, 14వ సవరణ మొదటి సెక్షను తెలుగులోకి తెచ్చాను. భోజనాల బల్ల పక్కనే కాపీలు పెడతాను. పిల్లల్ని వెంటబెట్టుకుని రండి, గట్టిగా చదువుదాం.