పన్నెండేళ్ళ పిల్లని తెల్లగా చేసి ఫ్లెక్సీ కట్టారు

ఇప్పుడే ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చా. పట్టుచీర కూడా మార్చుకోలేదు. ఇది రాయకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఈరోజు ఒంగోలులో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. కర్నూలు రోడ్డులో కల్యాణ మండపం. గేటు పక్కన ఇంత ఎత్తు ఫ్లెక్సీ, ‘నూతన వస్త్రాలంకరణ వేడుకకు విచ్చేయు బంధుమిత్రులకు స్వాగతం’ అని. ఆటో దిగి దాన్ని చూసి, వేరే వాళ్ళ ఫంక్షన్‌కి వచ్చానేమో అనుకున్నా. ఆస్పత్రిలో నర్సు చేతుల్లోంచి మొదట నేనే ఎత్తుకున్న పిల్ల, ఎండాకాలం సెలవులన్నీ నా ఇంట్లో గడిపే పిల్ల, నేనే గుర్తు పట్టలేకపోయా. ముఖం పాలరాయిలా తెల్లగా ఉంది. ముక్కు సన్నగా చెక్కారు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ లేదు. ఆ మచ్చ మా అమ్మమ్మకుంది, మా అమ్మకుంది, మా అక్కకుంది. నాకు రాలేదని చిన్నప్పుడు ఏడ్చాను కూడా. దాన్ని ఎవడో కంప్యూటర్ ముందు కూర్చుని చెరిపేశాడు.

లోపలికి పోతే స్టేజి మీద అసలు పిల్ల. తెల్లవారుజామునే మేకప్ అమ్మాయి వచ్చి ముఖానికి, మెడకి, చెవుల వెనక్కి కూడా పూసిందంట. చేతుల దగ్గరికి వచ్చేసరికి ముహూర్తం టైం అయిపోయింది. దాంతో పిల్ల రెండు చేతులూ ఓణీ కింద దాచుకుని కూర్చుంది. గంధం రాయడానికి పెద్దవాళ్ళు చెయ్యి అడిగితే వేళ్ళు మాత్రం కాస్త బయట పెట్టి, వెంటనే లోపలికి లాక్కుంటోంది. గాజులు నిండుగా వేశారు, ఆ గాజులు ఎవరికీ కనపడలేదు. ఫొటోగ్రాఫర్ ఊరుకోకుండా “పాపా, చేతులు లోపలే పెట్టుకో, కలర్ తేడా వస్తంది” అన్నాడు. అందరూ వింటుండగా అన్నాడు. పిల్ల తల ఊపింది. పన్నెండేళ్ళ పిల్ల తన చేతులు తప్పు అన్నట్టు తల ఊపింది.

నేను ఆగలేక అతన్ని పక్కకి పిలిచి అడిగా, ఏందయ్యా ఇది, ఫ్లెక్సీలో మా పిల్ల ఏది అని. అతను చెప్పిన జవాబుకి నా దగ్గర మాట లేదు. “మేడం, మేం తెల్లగా చెయ్యకపోతే ఇంట్లోవాళ్ళే తిడతారు. నేను మొదట మామూలుగానే పంపా. ఇంకొంచెం బ్రైట్ చెయ్యమని మీ అక్కగారే వెనక్కి పంపారు.”

అన్నాల దగ్గర అక్కని అడిగితే మా బావ నవ్వుతా, “మొదలుపెట్టావా నీ ఫెమినిజం, పప్పన్నం తిననీవే” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశా. కోపంతోనే లేచా, అందరికీ తెలియాలనే లేచా.

ఫెమినిజం అంటే ఏదో హైదరాబాదులో, అమెరికాలో నేర్చుకుని వచ్చే రోగం అన్నట్టు మాట్లాడతారు మనవాళ్ళు. మా అమ్మమ్మది కలిగిరి దగ్గర ఊరు. సారా మీద ఆడవాళ్ళ ఉద్యమం మొదలైన దూబగుంట వాళ్ళకి పక్కనే. అక్షరదీపం రాత్రి బడికి పోయి వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చిన మనిషి. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా నెల్లూరు జిల్లా అంతటా ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నప్పుడు, ఆమె కూడా కొంగు బిగించి పోయింది. ఆ ఉద్యమంలో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు పేపర్లలో వచ్చింది. పేరు రాని వాళ్ళు ఎన్ని వేల మందో. నాట్లు వేసి, కలుపు తీసి, ఎండకి మాడి నల్లబడిన ఆడవాళ్ళు వాళ్ళంతా. 1993 అక్టోబర్ నుంచి రాష్ట్రమంతా సారా ఆగిందంటే అది వాళ్ళ వల్ల. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రెండేళ్ళకే ఎత్తేశారు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, కానీ ఆ సంగతి ఇంకో రోజు రాస్తా. బావా, మన జిల్లాల్లో ఈ మాట నీకంటే ముందు నుంచే ఉంది.

కానీ ఇంకో నిజం కూడా చెప్పాలి. సారా కొట్టు మూయించిన ఆ అమ్మమ్మే ఆదివారం ఆదివారం నన్ను దొడ్లో పీట మీద కూర్చోబెట్టి, సున్నిపిండితో చర్మం ఊడేటట్టు రుద్దేది. “రంగు తేలాల మే, లేకపోతే నిన్నెవడు చేసుకుంటాడు” అనేది. మోచేతులు మండి ఏడిస్తే ఇంకా గట్టిగా రుద్దేది. తాగొచ్చి కొట్టే మొగుళ్ళకి ఎదురు తిరిగిన మనిషి, మనవరాలి రంగు దగ్గర ఓడిపోయింది. నాకు అందుకే అంత భయం ఈ విషయమంటే. ఇది బయట శత్రువు కాదు. అన్నం పెట్టే చేత్తోనే ఈ విషం కూడా పెడతారు.

టీవీ యాడ్స్ వల్ల అంటారు కొందరు. యాడ్స్ పాపం తక్కువేం కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. మా అమ్మ తరం, నా తరం, ఇప్పుడు ఈ పిల్ల తరం. నలుపుగా ఉన్న పిల్లకి ఉద్యోగం రాదు, తెల్లబడితే వస్తుంది అని ఇళ్ళలోకి వచ్చి చెప్పారు. 2020లో ప్రపంచమంతా నల్లవాళ్ళ మీద వివక్ష గురించి గొడవ జరిగితే అప్పుడు పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ అన్నారు. మా వీధి కొట్టులో ఇప్పటికీ పాత పేరే చెప్పి అడుగుతారు, ఇస్తారు. పేరు మారితే పిల్లల మనసులో పడ్డది పోతుందా?

అయినా ఆ ట్యూబు చిన్న పాపం. పెద్ద పాపం మెడికల్ షాపుల్లో ఉంది.

కావలిలో మా పెదనాన్న కూతురు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని, ఎవరో చెప్పారని, డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో ఒక క్రీము కొనుక్కుంది. మొదట్లో అద్భుతంగా ఉంది. ముఖం తేలింది, అందరూ మెచ్చుకున్నారు, ఆ షాపు పేరు అడిగి మరీ ఇంకో ముగ్గురు కొనుక్కున్నారు. కొన్నాళ్ళకి చెంపలు ఎర్రబడ్డాయి. చర్మం పలచబడి నరాలు కనిపించడం మొదలైంది. మొటిమలు, చెంపల మీద నూగు. మానేస్తే మంట, మళ్ళీ రాస్తే తగ్గుతుంది, అందుకని మళ్ళీ రాస్తుంది. నెల్లూరులో చర్మం డాక్టరు ట్యూబు వెనక చదివి చెప్పాడు, అందులో ఉన్నది స్టెరాయిడ్ అని. ఎగ్జిమా లాంటి చర్మం జబ్బులకి డాక్టరు చూసి కొద్ది రోజులకి రాసిచ్చే మందు. ఇప్పుడు ఆ పిల్ల పొయ్యి దగ్గర నిలబడలేదు. తాలింపు వేసేటప్పుడు ముఖం పక్కకి తిప్పి, తడి తువ్వాలు చెంపకి అద్దుకుంటా గరిటె తిప్పుతుంది. నేను కళ్ళారా చూశా.

ఇట్టాంటివి చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే చెప్పింది. ఒంటికి రాసే స్టెరాయిడ్లు 14 రకాలు షెడ్యూల్ హెచ్‌లోకి, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చింది. ఎవడు వింటున్నాడు? ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ల పేర్లు ఉంటే మీ అంతట మీరు ముఖానికి రాయకండి. చర్మం రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ అనే మందు కలిపినవి కూడా వస్తాయి, అవీ అంతే. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపినా ముఖం భగ్గుమంటుంది, కాబట్టి డాక్టరుకి చూపించి ఆపండి. ఇక పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చేవాటిలో పాదరసం కూడా ఉండొచ్చు. 2023లో కేరళ మలప్పురంలో తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టర్లు బయటపెట్టారు. ముఖానికి రాసింది కిడ్నీకి పోయింది. ఇంతకంటే ఏం చెప్పాలి నేను?

ఇంత చేసినా ఆ కావలి పిల్లకి సంబంధం కుదిరిందా అంటే లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళది చీమకుర్తి వైపు గ్రానైట్ వ్యాపారం. బ్లాక్ గెలాక్సీ రాయి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి, ప్రపంచమంతా మన చీమకుర్తి నుంచి కొనుక్కుపోతుంది. ఆ నల్లటి రాయికే అంత ధర. వాళ్ళ మేడ, వాళ్ళ కార్లు, పిల్లోడి చదువు, అంతా ఆ నలుపు పెట్టిన తిండే. కాఫీ తాగి, స్వీటు తిని, ఇంటికి పోయి ఫోన్ చేసి “అమ్మాయి కలర్ కొంచెం తక్కువండీ” అన్నారు. పిల్లోడు ఆ పిల్లకంటే నలుపు. పొట్ట టేబుల్‌కి ఆనుతోంది, ముందు జుట్టు సగం లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. “మగపిల్లోడికి రంగేంది” అంది మా పెద్దమ్మ. కూతురు అక్కడే నిలబడి ఉంది, చెంప ఎర్రగా మండిపోతా.

మగపిల్లోడికి రంగేంది అనే మాట నా చెవుల్లో చాలా ఏళ్ళ నుంచి ఉంది. నా పెళ్ళప్పుడు కూడా ఇదే మాట.

ఇది ఎప్పుడూ బయట చెప్పలేదు, ఈరోజు చెప్తా. మా అమ్మ నన్ను నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకుపోయింది. ఏ కోరికకి ఆ రొట్టె తింటే అది తీరుతుందని అక్కడ నమ్మకం. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి నేను ఉద్యోగం రొట్టె కోసం చూస్తుంటే, ఆమె పెళ్ళి రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టి తినమంది. తిన్నా. పై ఏడాదికే సంబంధం వచ్చింది. మాటలప్పుడు మధ్యవర్తి మా నాన్న ముందు ఏమాత్రం మొహమాటం లేకుండా అన్నాడు: “అమ్మాయి చదువు బాగుంది, అన్నీ బాగున్నాయి. రంగుకి మాత్రం ఇంకో రెండెకరాలు చూసుకోండి.” నేను తలుపు వెనక విన్నా. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమని 1961 నుంచి చట్టం ఉంది. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు మేనేజరు. అందరికీ చట్టం తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు.

మా నాన్న రెండెకరాల మెట్ట అమ్మాడు. కొన్నవాళ్ళ దగ్గర అదే చేను కౌలుకి తీసుకుని, అదే చేలో పొగాకు వేశాడు. తన సొంత నేలకి తను కౌలు కట్టాడు, నా ఒంటి రంగు వల్ల. ఆ కౌలు లెక్కలు నోటుబుక్కులో రాసి పెట్టింది మా అక్కే. అక్కా, నీకు అన్నీ తెలుసు. నీ కూతురి రంగుకి కూడా ఎకరాలు లెక్కకట్టేవాళ్ళు ఈరోజు ఆ మండపంలోనే కూర్చుని తిన్నారు. వాళ్ళ కోసం నువ్వు దాన్ని సిద్ధం చేస్తున్నావు. నేను ఒప్పుకోను, నాతో మాట్లాడ్డం మానేసినా ఒప్పుకోను.

ఇక మా ఆయన. ఈ పోస్ట్ ఆయన చదువుతాడు, చదవాలనే రాస్తున్నా. నేను ఎప్పుడు ఈ మాట ఎత్తినా “అవన్నీ పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, నాకేం తెలుసు” అంటారు మీరు. మీకు తెలుసు. పెళ్ళికి ముందు మీరే ఫోన్‌లో “మీ నాన్నగారు పొలం విషయం తేల్చారా” అని నన్ను అడిగారు. ఆ రెండెకరాల డబ్బు మా నాన్నకి తిరిగి ఇవ్వాలి. అప్పటి ధర కాదు, ఇప్పటి ధర. అందరి ముందు అడుగుతున్నా. జవాబు కూడా ఇక్కడే చెప్పండి, వంటింట్లోకి వచ్చి మెల్లగా కాదు.