మా మేనల్లుడి సముద్రం, టికెట్టుతో సహా

బరంపురంలో మా ఇంటి హాల్లో ప్రస్తుతం ఒక సముద్రం ఉంది. దాని యజమాని వయసు పన్నెండు. దసరా సెలవులకు శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనల్లుడు నా పాత కంప్యూటర్లో జూ నడిపే ‘జూ టైకూన్’ ఆటను, దానికి అనుబంధంగా 2002లో సముద్ర జంతువులతో వచ్చిన ‘మెరైన్ మానియా’ను ఎక్కించుకున్నాడు. మూడు రోజుల్లో రెండు తిమింగలాలు, ఆరు డాల్ఫిన్లు సంపాదించాడు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి నేను సంపాదించింది ఒక స్కూటరు.

పాలన అంటే వాడిదే. నీళ్లు మురికైతే ఫిల్టరు పెడతాడు. జంతువుకు కోపమొస్తే నెత్తిమీద ఎర్ర మొహం, సంతోషమైతే పచ్చ మొహం కనబడతాయి. అర్జీ లేదు, విచారణ కమిటీ లేదు. పక్కనే ఉన్న చిలికా డాల్ఫిన్లకు ఈ సౌకర్యం లేదు. పర్యాటకుల మోటారు పడవలు చుట్టుముట్టినా పాపం రంగు మార్చలేవు. పైగా గుండ్రటి తల, పొడుచుకు రాని మూతితో ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటాయి కాబట్టి ఫిర్యాదు చేసినా ఎవరూ నమ్మరు.

కనుక మన తీరాన్ని మావాడికి అప్పగించాలని అర్జీ రాయడం మొదలుపెట్టాను. సర్క్యులర్ ఒకటి అడ్డొచ్చింది. డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతివ్వొద్దని 2013లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పేసింది. ఆ మాట చెబితే వాడు ఆట ఆపి కాసేపు ఆలోచించాడు. “షో తీసేస్తే గ్యాలరీ టికెట్టు ఎవరు కొంటారు మామయ్యా?” అన్నాడు. పెట్టుబడి పెట్టినవాడి బాధ నాకేం తెలుసు!

ఇక తాబేళ్లు. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర దాదాపు ఏడు లక్షల ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టి వెళ్లాయి. ఇన్ని లక్షలు వచ్చిపోతే ఒక్క టికెట్టు తెగలేదు. గేటు లేదు, రిజిస్టరు లేదు. మావాడు జంతువుల జాబితా అంతా గాలించి, పచ్చ తాబేలు ఉంది కానీ మన తాబేలు లేదన్నాడు. జాబితాలో లేనిదాన్ని ఏ అధికారి మాత్రం ఎలా గుర్తిస్తాడు?

అంతా సవ్యంగా సాగుతుండగా చేపలావిడ వచ్చింది. ఋషికుల్య వైపు జాలరిపేట నుంచి వస్తుంది. గంప దించి, చెమట తుడుచుకుంటూ తెర వైపు చూసింది.

“ఆటికి చేపలెవులు తెత్తన్నారు బాబూ?”

“మెరైన్ స్పెషలిస్టు వేస్తాడు.”

“ఆయనకెవులిచ్చినారు?”

“ఎవరూ ఇవ్వరు. ఆయన దగ్గరే ఉంటాయి.”

“వల?”

“లేదు.”

“పడవ?”

“అదీ లేదు.”

“మరి మనుషులో?”

“టికెట్టు కొంటారు.”

ఇంకో పదిహేను రోజుల్లో, నవంబరు 1న, తాబేళ్ల కోసం వేట నిషేధం మొదలవుతుంది. ముఖద్వారం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా, మే 31 వరకు. ఆ ఏడు నెలలూ ఆవిడ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది పెద్దలకు ఎప్పుడూ చిక్కుముడే. మావాడి ఆట దాన్ని ఎంత సులువుగా విప్పిందో చూడండి: సముద్రంలో జాలరి అనేవాడే లేడు. లేనివాడికి నష్టపరిహారం ఏమిటి? ఈ అంశాన్ని అర్జీలో ఎర్ర సిరాతో రాశాను.

ఆవిడ డబ్బులు కొంగున ముడేసుకుని గంప ఎత్తుకుంది. “ఆ పెసలిస్టు బాబుని మా పేటకి పంపండి. మా ఆయన రాత్రి మూడింటికి లేవక్కర్నేదు.”

వాడు మెనూలన్నీ వెతికాడు. స్పెషలిస్టును పార్కు గేటు దాటించడం కుదరదట.