గురువుల భారం మనమూ మోయాలి

కతోలిక విశ్వాసుల సంఘాలు విచారణ (పారిష్) గురువులకు పనిలోనూ తోడుండాలన్న వ్యాసం ఒకటి చదివాను, మనసుకు తాకింది. కడప మేత్రాసనంలో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) మా గురువులు ఆదివారం ఒక్కరే మూడు పల్లెల్లో పూజ చేసి, మధ్యాహ్నం రెండు దాటాక గానీ అన్నం ముట్టరు. మే నెల ఎండలోనూ అంతే. ఆ మధ్య ఆయన జ్వరంతో పడుకుంటే మూడో రోజుకు గానీ మాకు తెలియలేదు. ఆ బాధ నన్నింకా వదలలేదు. అప్పటినుంచి పేదలకు సాయపడే మా విన్సెంట్ డి పాల్ సభ సభ్యులం వంతులవారీగా భోజనం పంపుతున్నాం, మంచం పట్టిన విశ్వాసుల వివరాలు ముందే రాసిస్తున్నాం. లెక్కల పనీ పంచుకోవాలి. ప్రతి విచారణలో ఆర్థిక సమితి ఉండాలని 1983 నాటి కతోలిక శ్రీసభ (చర్చి) చట్టం 537వ నిబంధనే చెబుతోంది. ఆగస్టు 4న, విచారణ గురువుల పాలక పునీతులు (సెయింట్) జాన్ మరియ వియాన్ని పండుగనాడు, దండ వేసి వెళ్లిపోకండి. కాసేపు దగ్గర కూర్చుని, ‘ఆరోగ్యం ఎలా ఉంది ఫాదర్?’ అని అడగండి.