తప్పంతా పోయినవారిదే

మనిషి పోయాక ముందుగా కావలసినవి కన్నీళ్లు కావు, మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు. ఎన్ని అని అడగకండి. ఎన్ని తీసుకున్నా ఒకటి తక్కువవుతుంది. ఒక కార్యాలయం నమ్మిన చావును పక్క కార్యాలయం నమ్మదు. బ్యాంకులో ఒకసారి, బీమా ఆఫీసులో ఒకసారి, పింఛను విభాగంలో మరోసారి ఆయన విడివిడిగా చనిపోవాలి. ఫోను కనెక్షను రద్దు చేయించాలంటే మాత్రం ఖాతాదారు స్వయంగా రావాలి.

ఇదంతా చూసి జనం కోర్టులను, బ్యాంకులను ఆడిపోసుకుంటారు. నేను నిష్పాక్షికంగా విచారించి తేల్చిందేమిటంటే, తప్పంతా పోయినవారిదే. బతికుండగా కరెంటు బిల్లు ఒక్కరోజు ఆలస్యం చేయని పెద్దమనిషి ఇంత ముఖ్యమైన ప్రయాణానికి ఒక్క కాగితమైనా సర్దుకోకుండా బయలుదేరడమేమిటి?

అబ్రహాం లింకన్ స్వయంగా వకీలు. అయినా 1865లో వీలునామా లేకుండానే పోయాడు. కుంచె పట్టి లెక్కలేనన్ని బొమ్మలు వేసిన పికాసోకు 91 ఏళ్లు వచ్చినా ఈ ఒక్క కాగితానికి తీరిక చిక్కలేదు. గాయని అరెతా ఫ్రాంక్లిన్ 2018లో పోయినప్పుడు వీలునామా లేదనే అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది అది సోఫా మెత్తల కింద ఒక నోటుబుక్కులో దొరికింది. ఆ చేతిరాత చెల్లుతుందని 2023లో జ్యూరీ తేల్చేదాకా కొడుకుల మధ్య వివాదం నడిచింది.

క్రమశిక్షణ అంటే ఏమిటో 1948లో కెనడా రైతు ఒకాయన చూపించాడు. ట్రాక్టరు కింద ఇరుక్కుపోయి, జేబులోని చాకుతో చక్రం మీది రేకుపై 'నేను పోతే అంతా నా భార్యకే' అన్న అర్థం వచ్చేలా గీకి సంతకం చేశాడు. కోర్టు ఒప్పుకుంది. ఆ రేకును సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలో దాచిపెట్టారు. ట్రాక్టరు కింద నలుగుతున్నవాడికి తట్టిన ముందుచూపు సోఫా మీద కూర్చున్నవారికి తట్టలేదన్నమాట.

వీలునామా ఉంటే చాలనుకోవడం ఇంకో అమాయకత్వం. అది అసలైనదేనని చాలాచోట్ల కోర్టు తేల్చాలి. దాన్నే ప్రొబేట్ అంటారు. ఇంగ్లండులో అసలు ప్రతికి గుచ్చిన పిన్ను ఊడదీస్తే, మిగిలిన రెండు చిల్లులకూ సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. ఒకప్పుడు దానికి ఇంకో కాగితం జతగా ఉండేదేమోనని అనుమానం! అక్కడి 1837 నాటి చట్టం ప్రకారం సాక్షి సంతకం చేసినవారికి ఆ వీలునామాలో రాసిన ఆస్తి సాధారణంగా దక్కదు. మంచం పక్కన కూర్చుని, కలం అందించి, సాక్షిగా తనూ సంతకం చేసిన మేనకోడలికి మిగిలేది ఆ కలమే.

ఇక అమలు బాధ్యత ఎవరి నెత్తిన పెట్టారో ఆ భాగ్యశాలి సంగతి. పాపం, మొదట అదేదో గౌరవమనుకుంటాడు. ముందు అప్పులు, పన్నులు తీర్చాలి. వారసుల వంతు ఆ తర్వాతే. జాలిపడి ముందే పంచిపెట్టాడా, ఆనక బయటపడిన అప్పు సొంత జేబులోంచి కట్టాల్సి రావచ్చు. పంచకపోతే దాచుకున్నాడంటారు. పదేళ్లుగా పలకరించని బంధువుకు గోడ గడియారం మీద హఠాత్తుగా మమకారం పుట్టుకొచ్చేది కూడా సరిగ్గా ఇప్పుడే.

పోయినవారి నిర్లక్ష్యం వల్ల ఎవరూ బాగుపడలేదనడం అన్యాయం. 1798లో విలియం జెన్నెన్స్ అనే ఇంగ్లండు ధనవంతుడు పోతే, కోటు జేబులో వీలునామా దొరికింది. దాని మీద సంతకం లేదు. అయ్యగారు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వకీలు దగ్గరికి వెళ్లారని నౌకరు చెప్పాడట. నూరేళ్లు దాటినా ఆ ఆస్తి మీద వ్యాజ్యాలు ఆగలేదు. ఒక్క కళ్లజోడు ఎన్ని తరాల వకీళ్లకు అన్నం పెట్టిందో!

కాబట్టి నా సూచన: పోదలచినవారు తొంభై రోజుల ముందు నోటీసు ఇచ్చి, అన్ని కార్యాలయాల నుంచి అభ్యంతరం లేదనే పత్రాలు తెచ్చుకోవాలి. తేనివారి మరణాన్ని గుర్తించరాదు.

నా మటుకు నేను వీలునామా పక్కాగా రాసి పెట్టుకున్నాను. ఒక్క సంతకమే మిగిలింది. పొద్దుటి నుంచీ కళ్లజోడు కోసం వెతుకుతున్నాను. సోఫా మెత్తల కింద కూడా చూశాను.